టక్కుటమారం అన్న మాట మనకెందుకు కావాలి?

మోసానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? టోపీ పెట్టాడు. కుచ్చుటోపీ పెట్టాడు. నామం పెట్టాడు, పంగనామం పెట్టాడు, బాకీ తీర్చకుండా ఎగనామం పెట్టాడు. శఠగోపం పెట్టాడు. గుండు కొట్టాడు. చెవిలో పువ్వు పెట్టాడు. బురిడీ కొట్టించాడు, బోల్తా కొట్టించాడు, టోకరా ఇచ్చాడు, బుట్టలో వేసుకున్నాడు, కళ్లలో దుమ్ము కొట్టాడు. ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివినోళ్లకు కూడా ఇవన్నీ వచ్చు. ఒక్క పద్యం పూర్తిగా అప్పజెప్పమంటే నీళ్లు నమిలేవాడు కూడా ఈ లిస్టు మాత్రం గడగడా చెప్పేస్తాడు.

ఈ లిస్టులోంచి ఒక మాట మెల్లగా జారిపోయింది. అదే టక్కుటమారం. పాత జానపద కథల్లో మాంత్రికుడికి 'గజకర్ణ గోకర్ణ టక్కుటమార విద్యలు' వచ్చని చెప్పే చోట తప్ప ఇప్పుడది పెద్దగా వినపడదు. విన్నా నవ్వొస్తుంది. కానీ ఆ మాట మనకు, అంటే ఇంజినీరింగ్ చదివే మనకు, ఇప్పుడు గట్టిగా అవసరమని నా వాదన. తెలుగు మీద ప్రేమతో అంటున్నది కాదిది. ఆ మాట లేకపోవడం వల్ల మన మధ్యలో కొందరికి నిజంగానే నష్టం జరుగుతోంది.

ముందు మాట సంగతి చూద్దాం. టక్కు అంటే కపటం, మోసం. కడపలో ఉద్యోగం చేస్తూ తెలుగు నేర్చుకుని, అక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని తాళపత్రాలకు నకళ్లు రాయించిన సి.పి.బ్రౌన్ నిఘంటువు తీసి చూసినా ఇదే అర్థం. టమారం అన్నది విడిగా వాడగా నేను వినలేదు, టక్కు పక్కన తోడుగానే వస్తుంది. రెండూ కలిస్తే ఒక్క మోసం కాదు, మోసాల మూట అని అర్థమొస్తుంది. చేసేవాడు సాధన చేసి నేర్చుకున్న విద్య అన్న ధ్వని కూడా ఉంటుంది.

మాది మహానంది పక్క పల్లె. మా జేజికి టక్కు అన్నది రోజూ నోట్లో నానే మాట. బడి ఎగ్గొట్టాలని కడుపునొప్పి అంటూ మూలిగే పిల్లోడిని చూసి, "టక్కులు చెయ్యాకు, లెయ్" అనేది. ఇంటికొచ్చి తియ్యగా మాట్లాడి అప్పడిగి పోయినోడి వెనకాల, "వాడు టక్కులోడు, వాని మాట నమ్మాకండి" అనేది. వీధి నాటకంలో వేషం మార్చుకొచ్చే పాత్ర కనపడితే టక్కులమారి. గమనించండి. టక్కరి, టక్కులాడి, టక్కులమారి, టక్కులోడు. ఈ మాటలన్నీ మోసం చేసినవాడి పేర్లే. మోసానికి గురైనవాడు ఇందులో ఎక్కడా లేడు.

ఇప్పుడు పైన రాసిన లిస్టు మళ్లీ చదవండి. టోపీ ఎక్కడుంది? మోసపోయినవాడి నెత్తి మీద. నామం వాడి నుదుటి మీద. గుండు వాడిదే. పువ్వు వాడి చెవిలో. దుమ్ము వాడి కళ్లల్లో. బోల్తా పడింది వాడే, బుట్టలో కూర్చున్నదీ వాడే. చేసినవాడి ఆకారం ఎక్కడా కనపడదు. పెట్టి వెళ్లిపోయాడు, అంతే. మన కళ్లముందు మిగిలేది టోపీ పెట్టుకుని, నామం దిద్దుకుని, చెవిలో పువ్వుతో నిలబడిన ఒక వెర్రిమొహం. దాన్ని చూసి మనం నవ్వుతాం. టోపీలోంచి మోసగాడికి ఒక్క పేరైనా పుట్టలేదు. టక్కులోంచి నాలుగు పుట్టాయి.

కాబట్టి మోసం మాటలు రెండు కుప్పలు. ఒక కుప్ప మోసం చేసిన చేతిని చూపిస్తుంది. ఇంకోటి మోసపోయిన నెత్తిని చూపిస్తుంది. రెండో కుప్ప రోజురోజుకీ పెరుగుతోంది. మొదటి కుప్ప తరుగుతోంది.

రెండో కుప్పలో ఇంకో విచిత్రం ఉంది. పుణ్యక్షేత్రం పక్కన పెరగడం వల్ల నాకది ముందు కనపడిందేమో. గుండు, నామం, శఠగోపం, చెవిలో పువ్వు. వరసగా పెట్టి చూస్తే ఇవన్నీ గుడికెళ్లిన భక్తుడు చేయించుకునేవి, తెచ్చుకునేవి. తలనీలాలు ఇస్తాడు, నామం దిద్దించుకుంటాడు, తల వంచి శఠగోపం పెట్టించుకుంటాడు, స్వామి పువ్వు చెవిలో దోపుకుంటాడు. మోసపోయినవాడి బొమ్మ గీయాల్సి వచ్చినప్పుడు మన భాష గుడి మెట్లు దిగి వస్తున్న భక్తుడి బొమ్మ గీసింది.

ఇందులో శఠగోపం కథ మరీ విచిత్రం. మహానంది శివక్షేత్రం. శఠగోపం అసలు చోటు విష్ణ్వాలయం. దానికోసం దూరం పోనక్కర్లేదు, అదే నల్లమల ఒడిలో, మా నంద్యాల జిల్లాలోనే అహోబిలం ఉంది. అహోబిల మఠం పీఠాధిపతుల పేరులోనే శఠకోప అన్నది ఉంటుంది. సంస్కృతంలో శఠ అంటే కపటం, వంచన. శఠుడు అంటే వంచకుడు. నమ్మాళ్వారుకు శఠకోపుడని పేరు. పుట్టిన బిడ్డను కమ్ముకుని జ్ఞానాన్ని మరిపించే శఠమనే వాయువు మీద కోపించి దాన్ని దగ్గరకు రానియ్యలేదు కాబట్టి ఆ పేరు వచ్చిందని వైష్ణవ సంప్రదాయం చెబుతుంది. ఆయన్నే స్వామి పాదాలుగా భావిస్తారు. అందుకే పాదాల గుర్తులున్న ఆ కిరీటానికి ఆ పేరు. దానికే శఠారి అని ఇంకో పేరు, అంటే శఠానికి శత్రువు.

అంటే ఏమిటి? కపటం మీద కోపం అని అర్థమున్న మాటను తీసుకొచ్చి మనం కపటానికే పేరుగా పెట్టుకున్నాం. 'వాడు నాకు శఠగోపం పెట్టాడు' అన్నప్పుడు మాటలో ఉన్న కోపం మొత్తం ఆవిరైపోయి, వంచిన తల మాత్రం మిగిలింది.

అయితే ఈ మాటల్ని తిట్టడానికి నేను రాయడం లేదు. వాటిలో ఒక నిజం దాక్కునుంది. తల వంచకపోతే శఠగోపం పెట్టలేరు. నమ్మకపోతే మోసం చెయ్యలేరు. మోసపోయినవాడిలో ఉన్నది తెలివితక్కువతనం కాదు, నమ్మకం. ఆ సంగతి ఈ మాటలు కట్టినవాళ్లకు తెలుసు. మనం మాత్రం నమ్మకాన్ని వదిలేసి నవ్వును ఉంచుకున్నాం.

ఇంకో తేడా కూడా చెప్పుకోవాలి. కళ్లను మాయచేసే ప్రతిదీ మోసం కాదు. మహానంది కోనేరు చూసినవాళ్లకు తెలుసు. నల్లమల ఊటల్లోంచి వచ్చే నీళ్లు, అడుగున పడిన నాణెం కూడా తేటగా కనపడుతుంది. ఎండాకాలంలోనూ ఆగని ఆ నీళ్లే కాల్వల్లో పారి చుట్టూ అరటితోటలకు ప్రాణం పోస్తాయి. నీళ్లు అంత తేటగా ఉన్నా కోనేరు మన కంటిని ఏమారుస్తుంది. నీటి వక్రీభవన గుణకం 1.33. పైనుంచి నిటారుగా చూస్తే అయిదడుగుల లోతు నాలుగడుగుల లోపే అనిపిస్తుంది. మెట్టు ఉందనుకుని కాలు పెట్టి తడబడే యాత్రికులు కనపడుతూనే ఉంటారు. ఇది భ్రమ. ఇందులో ఎవరి ఉద్దేశమూ లేదు. కోనేటి మీద ఎవరూ కేసు పెట్టరు.

రెండోది గారడీ, కనికట్టు. కనికట్టు అంటేనే కంటిని కట్టేయడం. గారడీ గరుడుడి పేరు మీద వచ్చింది, పాము విషం దించే గారుడ విద్య నుంచి. వీధిలో గుడ్డ పరిచి డమరుకం కొట్టే గారడీవాడు మన కళ్లు కడతాడు. కానీ 'ఇదిగో కడుతున్నా' అని చెప్పే కడతాడు. ఒప్పుకునే మనం చుట్టూ చేరతాం. ఆట అయిపోయాక చిల్లర వేసి సంతోషంగా పోతాం. అది కళ.

మూడోది మన టక్కుటమారం. ఇక్కడ ఉద్దేశం ఉంటుంది, ఒప్పందం ఉండదు. భ్రమలో ఉద్దేశం లేదు, గారడీలో ఒప్పందం ఉంది. ఈ రెండు గీతలూ దాటిందే మోసం. ఇంత స్పష్టంగా గీత గీయగల మాట చేతిలో ఉండి కూడా మనం 'టోపీ' అని నవ్వి ఊరుకుంటున్నాం.

ఆ నవ్వు ఖరీదెంతో మా హాస్టల్లో చూశాను. పేరు, ఊరు చెప్పను. ఒక జూనియర్‌కి ఇంటర్న్‌షిప్ ఆఫర్ అని మెయిలొచ్చింది. లోగో ఉంది, సంతకం ఉంది, ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ కూడా చేశారు. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు అన్నారు, ట్రైనింగ్ కిట్ అన్నారు, ల్యాప్‌టాప్‌కి సెక్యూరిటీ డిపాజిట్, జాయినైన మొదటి నెలలోనే తిరిగిస్తాం అన్నారు. మూడు విడతల్లో పద్దెనిమిది వేలు పోయాయి. వాళ్ల నాయన పంట అమ్మిన డబ్బులు. డబ్బు పోయిందని వాడికి రెండో రోజే తెలుసు. ఎవరికీ చెప్పలేదు. మూడు వారాల తర్వాత రూమ్మేట్‌కి చెప్పాడు. రూమ్మేట్ ఇంకొకరికి చెప్పాడు. సాయంత్రానికి మెస్‌లో "ఏం బ్రో, ఎంతకు పెట్టారు టోపీ?" మొదలైంది. ఇంకో రెండు రోజుల్లో వాడి పేరే టోపీ అయింది. వాడు మెస్‌కి రావడం మానేశాడు. చివరికి సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేసరికి ఆ డబ్బు ఎన్ని ఖాతాలు మారిపోయిందో.

ఇక్కడ ఆలోచించాల్సింది ఆ మూడు వారాల గురించి. సైబర్ మోసంలో మొదటి గంటలు చాలా ముఖ్యం. త్వరగా ఫిర్యాదు చేస్తే డబ్బు ఇంకా బ్యాంకుల్లో ఉండగానే ఆపే అవకాశం ఉంటుంది. అందుకే ఆ నంబరు పెట్టింది. వాడికి నంబరు తెలియక కాదు ఆలస్యమైంది, మన ఫస్టియర్ ఓరియెంటేషన్‌లోనే చెప్పారు. వాడు భయపడింది మోసగాడికి కాదు, మన నవ్వుకి. నెత్తిన టోపీతో మన ముందు నిలబడాల్సి వస్తుందని. ఆ మూడు వారాలు దొంగకి మనం ఉచితంగా ఇచ్చిన గడువు.

అలా నవ్వినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. వాళ్ల నోట్లో ఉన్న మాటలు అవే. ఆఖరికి మన వ్యాకరణం కూడా అటువైపే ఉంది. 'వాడు మోసపోయాడు' అంటాం. ఈ వాక్యానికి కర్త ఎవరు? డబ్బు పోగొట్టుకున్నవాడు. పడిపోయాడు, జారిపోయాడు, అలసిపోయాడు అన్నట్టు మోసపోయాడు. ఏదో తనంతట తను చేసుకున్నట్టు. అసలు కర్త వాక్యంలోనే లేడు. 'వాణ్ని మోసం చేశారు' అని చూడండి. కనీసం 'చేశారు' అన్న క్రియ దగ్గర మనం ఒక్క క్షణం ఆగి, ఎవరు అని అడుగుతాం.

చట్టం ఈ విషయంలో మనకన్నా నయం. మన నోట్లో పడి మాటగా మారిన ఫోర్ ట్వంటీ, 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో 420వ సెక్షన్. 2024 జులై 1 నుంచి ఆ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఇప్పుడు ఆ నేరం 318వ సెక్షన్‌లో ఉంది. నంబరు మారినా మన ఊళ్లలో ఫోర్ ట్వంటీగాడు మాత్రం ఇంకా బతికే ఉన్నాడు, బహుశా చాలాకాలం బతుకుతాడు. ఆ సెక్షన్‌లో మోసానికి ఇచ్చిన నిర్వచనం చదవండి. ఒక మనిషిని వంచించి, దురుద్దేశంతో అతని చేత ఆస్తి ఇప్పించడం, లేదా మామూలుగా అయితే చేయని పని చేయించడం లాంటివి అందులో ఉంటాయి. మొత్తం మోసం చేసినవాడి చేతల గురించే. నమ్మినవాడు తెలివైనవాడా, అమాయకుడా, ఎంత చదివాడు అన్న ప్రశ్న ఆ నిర్వచనంలో లేదు. గమ్మత్తేంటంటే జనం ఆ నంబర్ని కూడా మోసం చేసినవాడికే పేరుగా పెట్టారు. మొదటి కుప్పలో కొత్తగా చేరిన కొద్ది మాటల్లో ఫోర్ ట్వంటీ ఒకటి.

ఇక్కడ ఒక ఎదురు వాదన వస్తుంది. 'నవ్వితేనే కదా నలుగురూ జాగ్రత్త పడేది? మోసపోయేవాళ్లు ఉన్నంతకాలం మోసం చేసేవాళ్లు ఉంటారు' అని. వినడానికి అనుభవం ఉన్న మాటలా ఉంటుంది. కానీ తిరగేసి చూడండి. నమ్మేవాళ్లు ఉన్నందుకే మోసం పుడుతోందంటే, నమ్మకం తప్పు, దొంగతనం సహజం అన్నట్టే. అప్పు తీసుకునేవాడు, కౌలుకిచ్చేవాడు, బిడ్డను హాస్టల్‌కి పంపేవాడు, అందరూ ఎవరో ఒకరిని నమ్మే బతుకుతున్నారు. నమ్మకం లేని ఊళ్లో వ్యాపారం జరగదు, వ్యవసాయం అంతకన్నా జరగదు. ఇక జాగ్రత్త సంగతి అంటారా? జాగ్రత్త నేర్పేది మోసం ఎలా జరిగిందన్న వివరం. నవ్విన చోట ఆ వివరం బయటికి రాదు. మా జూనియర్ రెండో రోజే చెప్పి ఉంటే అదే మెయిల్ వచ్చిన ఇంకో పది మంది తప్పించుకునేవాళ్లు కదా.

ఇంకో వాదన కూడా ఉంది. 'టక్కరి అంటే మాత్రం ఏం కోపం వస్తోంది? అది ముద్దు మాట అయిపోయింది' అని. ఇది కొంత నిజమే. 1971లో కృష్ణ కౌబాయ్ వేషంలో మోసగాళ్లకు మోసగాడు అయ్యాడు. 2002లో ఆయన కొడుకు మహేష్ బాబు, మళ్లీ కౌబాయ్ టోపీ పెట్టుకునే, టక్కరి దొంగ అయ్యాడు. తెరమీద మనకు టక్కరి అంటే హీరో. చిన్నప్పటి నుంచి విన్న తెనాలి రామకృష్ణుడి కథల్లోనూ మనం టక్కు పన్నేవాడి పక్షమే. అయితే ఆ కథల్లో టక్కు ఎటునుంచి ఎటు పోతుందో చూడండి. రాజుగారి అహంకారం మీదికి, ఇంట్లో దూరిన దొంగల మీదికి, విర్రవీగే పండితుడి మీదికి. కిందినుంచి పైకి. మోసగాళ్లకు మోసగాడు అన్న పేరులోనే ఆ లెక్క ఉంది. పద్దెనిమిది వేల కోసం రైతు బిడ్డను పట్టుకున్నవాడు పైనుంచి కిందికి టక్కు వేశాడు. ఆ తేడా మన పాతవాళ్లకు తెలుసు, అందుకే ఒకడిని వికటకవి అన్నారు, ఇంకొకడిని మాయలమారి అన్నారు.

పేర్ల విషయంలో మనం ఇంకా ఘోరమైన పొరపాటు చేస్తున్నాం. దొంగ పెట్టిన పేరునే వాడేస్తున్నాం. డిజిటల్ అరెస్ట్ అన్నదే తీసుకోండి. పోలీసు యూనిఫాం వేసుకుని వీడియో కాల్ చేసి, మీ పేరు మీద పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, కెమెరా ముందు నుంచి కదలొద్దు అని గంటల తరబడి కూర్చోబెట్టి డబ్బు లాగే పద్ధతి. అలాంటి అరెస్టు చట్టంలో లేదని 2024 అక్టోబరు 27న ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పాల్సి వచ్చింది. అయినా మన పేపర్లు, రీల్స్ అన్నీ 'డిజిటల్ అరెస్ట్ అయ్యారు' అనే అంటున్నాయి. అరెస్ట్ అన్న మాటలో ఉన్న అధికారమంతా తీసుకెళ్లి దొంగ చేతిలో పెట్టినట్టు. మా జేజి లాంటోళ్లకి 'డిజిటల్ అరెస్ట్ జాగ్రత్త' అంటే అదేదో కొత్త చట్టమేమో అనుకుంటారు. 'ఫోన్లో పోలీసు వేషం కట్టి టక్కులు చేస్తున్నారు, నమ్మొద్దు' అంటే ఒక్క ముక్కలో అర్థమవుతుంది. ఈ తేడా ఎవరి డబ్బునైనా కాపాడొచ్చు.

ఇక అసలు విషయానికొస్తా. ఇంతవరకు మనల్ని మోసపోయే పక్షంలో ఉంచి మాట్లాడాను. కానీ నాలుగేళ్ల తర్వాత మనలో చాలామంది యాప్‌లు, వెబ్‌సైట్లు తయారుచేసే చోట కూర్చుంటాం. అక్కడ టక్కుటమారానికి ఇంకో పేరుంది. డార్క్ ప్యాటర్న్స్. 2010లో హ్యారీ బ్రిగ్నల్ అనే బ్రిటిష్ డిజైనర్ పెట్టిన పేరు. వాడేవాడికి ఇష్టం లేని పని వాడి వేలితోనే చేయించే డిజైన్. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న వీటి మీద మార్గదర్శకాలు తెచ్చి 13 రకాలను పేరు పెట్టి మరీ నిషేధించింది.

ఆ జాబితా చూస్తే మన రోజువారీ ఫోన్ జీవితమంతా అందులో ఉంటుంది. 'ఇంకా రెండే మిగిలాయి, అయిదు నిమిషాల్లో ఆఫర్ అయిపోతుంది' అని దొంగ తొందర పెట్టడం ఒకటి. మొదట ఒక ధర చూపించి, చివరి పేజీలో ఒక్కొక్కటే ఛార్జీలు కలపడం ఒకటి. చేరడం ఒక్క క్లిక్‌లో, మానుకోవడం మాత్రం పది పేజీల వెనకాల పెట్టే చందా ఉచ్చు ఒకటి. 'వద్దు' అన్న బటన్ మీద 'నాకు డబ్బు ఆదా చేసుకోవడం ఇష్టం లేదు' అని రాసి సిగ్గుపడేలా చేయడం ఇంకోటి. మనం కొనని వస్తువో, విరాళమో, ఇన్సూరెన్సో మనకు చెప్పకుండా కార్ట్‌లో కలిపేయడం మరొకటి. దీని ఇంగ్లీషు పేరును తెలుగులోకి మారిస్తే బుట్టలో దూర్చడం. మన భాషలో బుట్టలో వేసుకోవడం అంటే ఎప్పటినుంచో ఏమిటో మీకు తెలుసు కదా!

నా ప్రతిపాదన ఇదే. డార్క్ ప్యాటర్న్స్‌కి తెలుగు మాట కావాలంటే 'చీకటి నమూనాలు' అని ఎవరూ పలకని అనువాదం చేయనక్కర్లేదు. టక్కుటమారాలు అంటే సరిపోతుంది. నిఘంటువులోని అర్థం కూడా సరిగ్గా అతుకుతుంది. కష్టపడి నేర్చుకున్న విద్యతో, కావాలని, ఎదుటివాడి ఒప్పుదల లేకుండా కన్ను కట్టడం. గజకర్ణ గోకర్ణ విద్యలు నేర్చిన మాంత్రికుడు అడవిలో గుహలో ఉండేవాడు. ఈ విద్య నేర్చినవాడు ఏసీ ఆఫీసులో ఉంటాడు, మంచి ప్యాకేజీ ఉంటుంది, లింక్డ్‌ఇన్‌లో 'గ్రోత్' అని రాసుకుంటాడు.

అక్కడే పేరు పని చేస్తుంది. మీటింగ్‌లో ఎవరో 'క్యాన్సిల్ బటన్ కనపడకుండా గ్రే చేద్దాం, కన్వర్షన్ పెరుగుతుంది' అన్నారనుకోండి. ఆప్టిమైజేషన్ అన్న మాటకు ఎవరి గుండె కొట్టుకోదు. అదే పనిని మనసులోనైనా సరే టక్కు అని పిలిచి చూడండి. మా జేజి లాంటి మనిషి పింఛను డబ్బులున్న ఫోన్ పట్టుకుని ఆ పేజీలో క్యాన్సిల్ కోసం వెతుకుతూ ఉంటుందని గుర్తొస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మనం 'నేను చెయ్యను' అనలేకపోవచ్చు, ఇంటి లోను, చెల్లి చదువు, అన్నీ ఉంటాయి. కానీ చేస్తున్నదానికి సరైన పేరు తెలిసుండటం మొదటి మెట్టు. ఈ దేశంలో దాన్ని నిషేధిస్తూ మార్గదర్శకాలున్నాయని మీటింగ్‌లో ఒక్క మాట చెప్పడం రెండో మెట్టు. రెండో మెట్టు ఎక్కడానికి పెద్ద ధైర్యమేం అక్కర్లేదు.

మాట మారితే మోసం ఆగిపోతుందని నేను చెప్పడం లేదు. భాష ఒక్కటే పోలీసు పని చెయ్యలేదు. కానీ మోసం బయటపడటానికి, దాక్కోవడానికి మధ్య మన మాటలు నిలబడి ఉన్నాయి. నెత్తి మీది టోపీని చూపించే మాట వాడితే మనిషి తల దాచుకుంటాడు. టక్కు చేసిన చేతిని చూపించే మాట వాడితే ఆ మనిషి మనతో కలిసి ఆ చేతి కోసం వెతుకుతాడు.

అందుకే మన క్లబ్‌కి ఒక చిన్న విన్నపం. ఈ పత్రికలో, పోస్టర్లలో, స్కిట్లలో సైబర్ మోసాల గురించి రాసేటప్పుడు 'మోసపోయిన విద్యార్థి' అని హెడ్డింగ్ పెట్టొద్దు, 'విద్యార్థిని మోసం చేశారు' అని రాద్దాం. శఠగోపం, టోపీ సినిమా టికెట్ డబ్బులు ఎగ్గొట్టే ఫ్రెండ్ కోసం దాచుకుందాం, వాటికి అంత బరువు చాలు. రేపెప్పుడైనా రూమ్‌లో ఎవరైనా తల వంచుకుని, "మచ్చా, ఒక విషయం చెప్పాల" అని మొదలుపెడితే, ఎంతకు పెట్టారు అని అడగొద్దు. టక్కు చేసింది ఎవడు, ఏ నంబర్ నుంచి, ఎన్ని గంటలైంది అని అడగండి. అడుగుతూనే ఫోన్ తీసి 1930 నొక్కండి.